ఎలుగుబంటి సింకు కింది పైపు

ఆ ఊళ్ళో ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరి స్నానాలగదిలో నీళ్ళు పోకుండా నిలిచిపోయినా, ముప్పై ఎనిమిదేళ్ళుగా అందరికీ మొదట గుర్తొచ్చే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకీ ఓటర్ల జాబితాకీ తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన పైపుల మేస్త్రి. పొట్టిగా, దిట్టంగా ఉంటాడు. గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపటికి ఒకచోట వేలు పెట్టి "ఇక్కడ" అనేవాడు. అక్కడ పగలగొడితే అక్కడే ఉండేది లీకు.

పని దగ్గర మాత్రం ముక్కుమీద కోపం. ఎవరైనా పైపు అడ్డదిడ్డంగా బిగిస్తే అది తన సొంత పరువు పోయినట్టు బాధపడేవాడు. చుట్టపుచూపుగా వెళ్ళిన ఇంట్లో కూడా, వాళ్ళు మంచినీళ్ళు తెచ్చిచ్చేలోపే వంటగదిలోకి నడిచి, సింకు కింద అర తలుపు తీసి తొంగిచూసేవాడు. "ఎవడు బిగించాడండీ ఇది?" అని అడిగేవాడు. ఆయన భార్యకి తల కొట్టేసినట్టుండేది. "మనుషుల మొహాలు చూడటానికొచ్చామా, పైపుల మొహాలు చూడటానికొచ్చామా?" అని దారి పొడుగునా సణిగేది.

అలాంటి మనిషి అరవై ఒకటో ఏట నిచ్చెన మీంచి పడ్డాడు. పెద్ద ఎత్తేమీ కాదు, నాలుగో మెట్టు. కానీ కుడి మడమ ఎముక చిట్లింది. మోకాలి దాకా పిండికట్టు వేసి, మూడు నెలలు కదలొద్దన్నారు. పానా పట్టుకోని రోజంటూ లేని చేతులు. మొదటి వారంలోనే ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ కుర్చీలో కూర్చునే విప్పి, మళ్ళీ బిగించేశాడు. రెండో వారానికి కుర్చీలోంచి చేతికందేవాటిలో విప్పడానికి ఏమీ మిగల్లేదు.

కూతురు ఆస్పత్రిలో నర్సు. రెండు వీధుల అవతల కాపురం. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. వాళ్ళకి నాలుగున్నరేళ్ళ పిల్ల. ఎత్తు తక్కువ, బుగ్గలెక్కువ కావడంతో తాతే దానికి బుడంకాయ అని పేరు పెట్టాడు, అదే స్థిరపడిపోయింది. అప్పటిదాకా ఆ పిల్లని అమ్మమ్మ తనతోపాటు కుట్టుపని చేసే దుకాణానికి తీసుకెళ్ళేది.

"నాన్నా, ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా. దీన్ని నీ దగ్గర వదిలేస్తాను" అంది కూతురు.

"నా దగ్గరా? నేనేం చెయ్యను దీంతో?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. అదే చేస్తుంది అన్నీ."

మొదటిరోజు మేస్త్రి మనవరాలికి తన వాషర్ల డబ్బా ఇచ్చాడు. రెండోరోజుకి ఆ పిల్ల వాటన్నిటినీ పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా నేల మీద బారుగా పేర్చింది. మూడోరోజు డబ్బా వైపు చూడను కూడా చూడలేదు. తలుపు వెనక నుంచి ఒక గుడ్డసంచీ ఈడ్చుకొచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. వీధి చివర పిల్లల లైబ్రరీ నుంచి వాళ్ళమ్మ తెచ్చిన బొమ్మల పుస్తకాలు.

"చదువు తాతయ్యా."

మేస్త్రికి చెమటలు పట్టాయి. ఆయన చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. చదవడం రాక కాదు, ఒక్కో అక్షరాన్నీ పెదాలతో పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళాలి. ఒక పేజీలో రెండే వాక్యాలున్నా, అవి పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయేది. రెండు పుస్తకాలయ్యాక ఆయనే ఒప్పుకున్నాడు.

"మీ అమ్మ అయితే ఇంకా గబగబా చదువుతుంది కదూ?"

"ఊఁ. అమ్మ చదివితే బొమ్మ చూసేలోపే పేజీ తిప్పేస్తుంది. నువ్వు చదివితే మొత్తం చూసుకోవచ్చు" అంది బుడంకాయ.

ఆ మాటతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఆయన కూడా బొమ్మలు మొత్తం చూడటం మొదలుపెట్టాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడో పుస్తకంలో ఒక ఎలుగుబంటి ఇంటికి చుట్టాలొస్తారు. ఎలుగుబంటి నడుముకి తువ్వాలు చుట్టుకుని ఇల్లంతా ఊడుస్తుంది, దుప్పట్లు ఉతుకుతుంది, సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతుంది. మేస్త్రి ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు.

"తర్వాత ఏమైంది తాతయ్యా?"

"ఉండవే. ఈ పైపు చూడు."

"ఏమైంది దానికి?"

"వంపు లేదు. సింకులోంచి సూటిగా నేలలోకి దిగిపోయింది."

బుడంకాయ బొమ్మకేసి ముక్కు ఆనించి చూసింది. "ఎలుగుబంటి ఇంట్లో కూడా వంపు ఉండాలా?"

"ఎలుగుబంటి అయితే మాత్రం? దానికి ముక్కు లేదూ? మనకంటే దానికే ముక్కెక్కువ. పాపం, ఆ ఇంట్లో ఎలా ఉంటోందో!"

"వంపు ఎందుకు?"

మేస్త్రి చెప్పబోయి ఆగాడు. మాటల్లో చెప్పడం ఆయనకి చేతకాదు. కుర్చీ లోంచి నేల మీదకి జారి, పిండికట్టు కాలు ముందుకి చాపి, పిరుదుల మీద దేకుతూ వంటగది దాకా వెళ్ళాడు. బుడంకాయ బకెట్టు తెచ్చింది. సింకు కింద, పైపు కిందకి దిగి మళ్ళీ పైకి తిరిగే చోటుని చూపించాడు.

"దీని కడుపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే కాపలా. కింద మురుగుకాలవ లోంచి కంపు పైకి రాబోతుందనుకో, ఈ నీళ్ళు దాటి రాలేదు."

"అబద్ధం."

"అబద్ధమా! పట్టుకో బకెట్టు."

రెండు తిప్పుల్లో వంపు ఊడి చేతిలోకొచ్చింది. బకెట్టులోకి నల్లటి నీళ్ళు, జుట్టు ఉండ, ఒక చెంచా, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కోవడానికి అమ్మమ్మ నెల్నాళ్ళుగా వెతుకుతున్న అంగుళిత్రాణం పడ్డాయి. ఒక్క క్షణం తర్వాత ఖాళీ పైపు మూతి లోంచి కంపు గుప్పున వచ్చింది. బుడంకాయ రెండు చేతులతో ముక్కు మూసుకుని, "నిజం! నిజం! పెట్టెయ్ తాతయ్యా, నిజం!" అని గంతులేసింది.

సరిగ్గా అప్పుడే అమ్మమ్మ దుకాణం నుంచి వచ్చింది. విరిగిన కాలుతో సింకు కింద మొగుడు, పక్కన తడిసి ముద్దయిన మనవరాలు, వంటగది నిండా కంపు. ఏదో అనబోయి, బకెట్టులో మెరుస్తున్న అంగుళిత్రాణం చూసి, ముందు దాన్ని తీసి కొంగుతో తుడుచుకుంది.

మర్నాడు సంచీలోంచి ఇంకో పుస్తకం తీశారు. ఇది కథ కాదు. ఇంటి గోడల్లో ఏమేం దాగి ఉంటాయో పిల్లలకి చూపించే పుస్తకం. బొమ్మలేసింది కూడా ఎలుగుబంటిని వేసినావిడే. అందులో వంటింటి మురుగు పైపు గోడలోంచి పక్కగదికి వెళ్తూ వెళ్తూ చిన్నగా పైకి లేచింది. మేస్త్రి పుస్తకాన్ని దగ్గరగా, దూరంగా, తలకిందులుగా పెట్టి చూశాడు. ఎలా చూసినా పైకే.

"కథంటే పోనీలే అనుకోవచ్చు. ఇది నిజాల పుస్తకమట!" అన్నాడు భార్యతో. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఒక ఉత్తరం రాశాడు. పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో, స్కేలుతో, సరైన బొమ్మ గీశాడు. ఉత్తరం ఇలా ఉంది:

"బొమ్మలు వేసినవారికి. నేను పైపుల పని చేస్తాను. మీ ఎలుగుబంటి పుస్తకంలో పదకొండో పేజీ చూశాను. సింకు కింద వంపు లేదు. ఆ ఇంట్లో చుట్టాలు ఒక్క పూట కూడా కూర్చోలేరు. రెండో పుస్తకంలో మురుగు పైపు పైకి వెళ్తోంది. నీళ్ళు పైకి పోవు. ఎలుగుబంటి చేత గిన్నెలు కడిగించడం మీ ఇష్టం. నీళ్ళు ఎటు పోవాలో మాత్రం మీ ఇష్టం కాదు. సరైన బొమ్మ గీసి దీని వెంట పంపుతున్నాను."

భార్య అది చదివి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కర్ర పుచ్చుకుని కొట్టినట్టుంది. చివర ఒక్క మంచి మాటన్నా రాయండి."

మేస్త్రి చాలాసేపు ఆలోచించి ఇంకో వాక్యం చేర్చాడు. "మిగతా ఎలుగుబంటి బాగుంది."

పుస్తకం వెనక ఉన్న చిరునామాకి ఉత్తరం వెళ్ళింది. మూడు వారాల తర్వాత, ఒక సాయంత్రం, తలుపు దగ్గర ముప్పై ఐదేళ్ళ మనిషి ఒకామె నిలబడి ఉంది. కత్తిరించిన జుట్టు, భుజాన పెద్ద సంచీ, గోళ్ళ సందుల్లో రంగులు.

"పైపుల మేస్త్రి గారిల్లు ఇదేనాండీ? ఎలుగుబంటిని వేసింది నేనే. నేనూ ఈ ఊళ్ళోనే ఉంటాను."

ఉత్తరంలో అన్నేసి మాటలు రాసిన మేస్త్రి, ఆవిడ ఎదురుగా నిలబడేసరికి పిల్లిలా అయిపోయాడు. అమ్మమ్మే కుర్చీ వేసి టీ పెట్టింది.

"మీ ఉత్తరం చదివి మొదట కోపమొచ్చిందండీ. పిల్లల పుస్తకంలో పైపు చూసి తిట్టేవాళ్ళుంటారా అనుకున్నాను" అంది ఆ బొమ్మలమ్మాయి. "తర్వాత మా ఇంట్లో సింకు కిందకి వంగి చూశాను. వంపు ఉంది. పదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను. చూడటమే నా పని. ఒక్కసారీ చూళ్ళేదు."

"అందరూ అంతేలేమ్మా. కారితేనే చూస్తారు" అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడు ఇంకో పుస్తకం వెయ్యమంటున్నారు మా ప్రచురణకర్తలు. మనం వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి అని. ఈసారి తప్పు వెయ్యడం నాకిష్టం లేదు. మీరు చూపిస్తారా?"

మేస్త్రి సమాధానం చెప్పేలోపే బుడంకాయ బకెట్టు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

పిండికట్టు తీసేశాక, చేతికర్రతో నడిచే రోజుల్లో, మేస్త్రి ఆమెని వెంటబెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఐదంతస్తుల భవనం అడుగున, కార్లు నిలిపేచోట, పైకప్పు నుంచి వేలాడే లావుపాటి పైపుల కింద ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని గీసేది. మేడ మీద ట్యాంకు ఎక్కి గీసేది. వీధిలో మ్యాన్‌హోలు మూత తీసి ఉన్నప్పుడు బోర్లా పడుకుని గీసేది. ఆపకుండా అడిగేది. ఈ పైపు మేడ దాటి ఆకాశంలోకి ఎందుకు వెళ్ళింది? ఇక్కడ మూత ఎందుకు పెట్టారు? దీన్ని ఇలా వాటంగా, వాలుగా ఎందుకు బిగించారు?

మేస్త్రి ముప్పై ఎనిమిదేళ్ళలో విన్న ప్రశ్న ఒక్కటే: "ఎప్పటికవుతుంది?" ఎంత శ్రద్ధగా బిగించినా, ఎంత అందంగా వాటం పెట్టినా, మర్నాడు తాపీవాళ్ళొచ్చి సిమెంటు పూసేవాళ్ళు, ఆ పైన పలకలు అంటించేవాళ్ళు. ఇంటివాళ్ళు పలకల రంగు చూసి మురిసిపోయేవాళ్ళు. తన పని బాగుందని ఎవరూ అనలేదని ఆయనకి ఎప్పుడూ కష్టం కలగలేదు. అనాలంటే కనపడాలిగా. ఇప్పుడు ఒక మనిషి పక్కన కూర్చుని, ఒక్కో మలుపూ అడిగి అడిగి కాగితం మీదకి తెస్తుంటే ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు. "ఇక్కడ దుమ్మెక్కువ" అనేవాడు.

నెల తిరిగేసరికి ఆవిడ ఆయన్ని "బాబాయ్ గారూ" అంటోంది. ఆయన ఆవిడని "ఏమ్మాయ్" అంటున్నాడు. అలా చనువు పెరిగాకే పెద్ద గొడవ జరిగింది.

ఆవిడ తన ఇంట్లో బల్ల మీద పుస్తకం నమూనా పరిచింది. చిన్న చిన్న చతురస్రాలు, ఒక్కోదాంట్లో ఒక్కో బొమ్మ.

"మొత్తం ముప్పై రెండు పేజీలు బాబాయ్ గారూ. ముందువీ వెనకవీ, మాటలుండేవీ పోగా మనకి పదమూడు బొమ్మలు మిగుల్తాయి."

మేస్త్రి చూపుడువేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఆగాడు. "మేడ దాటి పైకెళ్ళే గాలి పైపేది?"

"తీసేశాను."

"తీసేశావా! అది లేకపోతే పైనించి నీళ్ళు దిగినప్పుడల్లా కింది ఇళ్ళ వంపుల్లో నీళ్ళన్నిటినీ గుడగుడమంటూ లాక్కుపోతాయి. మరి ఇంటికీ వీధికీ మధ్యలో మూత పెట్టిన మురుగు తొట్టి? వానపైపు వేరు, మురుగుపైపు వేరు అని చెప్పేది?"

"చదివేది నాలుగేళ్ళ పిల్లలండీ. అన్నీ పెడితే ఏదీ అర్థం కాదు."

"సగం చెప్తే అది అబద్ధమేగా?"

"కాదు. సగం చెప్పడం సగం చెప్పడమే!"

"అయితే ఆ సగం నువ్వే చెప్పుకో తల్లీ. నా సగం నా దగ్గరుంటుంది" అని మేస్త్రి చేతికర్ర టకటకలాడించుకుంటూ ఇంటికొచ్చేశాడు. రెండు వారాలు ఆవిడ పేరెత్తితే మండిపడ్డాడు.

ఆ రెండు వారాల్లో ఆయన ఊరుకోలేదు. నాలుగు క్యాలెండరు కాగితాలు అతికించి, ఒక ఇంటి పైపులన్నీ గీశాడు. ట్యాంకు, కుళాయిలు, వంపులు, గాలి పైపు, వానపైపు, తొట్లు, వీధి గొట్టం. ఒక్కటి వదల్లేదు. కొత్తగా పనిలోకొచ్చే ఏ ప్లంబరుకిచ్చినా కళ్ళకద్దుకునేంత శుద్ధంగా వచ్చింది బొమ్మ. గర్వంగా దాన్ని నేల మీద పరిచి మనవరాలిని పిలిచాడు.

బుడంకాయ కాగితం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఈ చివర వంగి చూసింది, ఆ చివర వంగి చూసింది.

"ఇందులో ఎవరూ లేరేంటి తాతయ్యా?"

"ఎవరుండాలే? పైపులు."

"ఊఁ." మర్యాదగా, "బావుంది" అంది. వెళ్ళి తన రంగుల పెట్టె తెచ్చుకుని మరో మూల కూర్చుంది.

మేస్త్రికి ఆ "బావుంది" చెంపదెబ్బలా తగిలింది. ఇంతకంటే అది 'అబద్ధం' అన్నా బాగుండేది. కదలకుండా తన బొమ్మకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇల్లంతా ఉంది, మనుషులు లేరు. నీళ్ళకి దారులున్నాయి, నీళ్ళు లేవు. ఎవరో స్నానం చేస్తేగా, ఎవరో చెయ్యి కడుక్కుంటేగా పైపుకి పని?

బుడంకాయ రంగులేయడం అయిపోయి, కుంచె కడగడానికి సింకు దగ్గర పీట ఎక్కింది. నీలం రంగు తెల్లటి సింకులో సుళ్ళు తిరిగి కన్నంలోకి జారిపోయింది.

"తాతయ్యా, నా నీలం ఇప్పుడెక్కడుంది?"

"వంపులో."

"ఇప్పుడు?"

"గోడలో. కిందకి దిగుతోంది."

"ఇప్పుడు?"

ఆ పిల్ల అడుగుతూనే ఉంది, ఈయన చెబుతూనే ఉన్నాడు. గోడ, తొట్టి, వీధి, మలుపు, పెద్దవీధి. చెబుతూ చెబుతూ మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు. మనవరాలిని చంకనెత్తుకుని, కర్ర సంగతే మర్చిపోయి, కుంటుకుంటూ బొమ్మలమ్మాయి ఇంటికి వెళ్ళాడు.

తలుపు తీసిన ఆవిడతో పలకరింపు కూడా లేదు. "ఏమ్మాయ్, ఒక పిల్ల కుంచె కడిగింది. ఆ నీలం నీళ్ళ వెనకాలే పోదాం. అవి ఎక్కడికెళ్తే అక్కడికే. అవి దూరని పైపు మనకొద్దు."

"మరి గాలి పైపు?" అంది ఆవిడ.

మేస్త్రి కొంచెం బాధగానే, "నీలం అందులోకి వెళ్ళదుగా" అన్నాడు.

"ఒక పని చేద్దాం బాబాయ్ గారూ. మధ్యలో రెండు పేజీలు కలిపి ఒకే పెద్ద బొమ్మ. మాటలుండవు. మేడని నిలువునా కోసినట్టు, ట్యాంకు నుంచి వీధి దాకా. అందులో గాలి పైపుంటుంది, వానపైపుంటుంది, మీరు చెప్పినవన్నీ ఉంటాయి. చూసేవాళ్ళు చూస్తారు."

"మనుషులు?"

"ప్రతి గదిలోనూ ఉంటారు."

ఆ ఒక్క బొమ్మ కోసం ఆవిడ మూడుసార్లు మొదటి నుంచీ వేసింది. మొదటిసారి మూడో అంతస్తు పైపు ఒకటి వాటం లేకుండా బల్లపరుపుగా వచ్చింది. రెండోసారి స్నానాల తొట్టిలో ముసలాయన పాడుతున్నాడు, బాగున్నాడు, కానీ తొట్టికి నీళ్ళు పోయే కన్నమే లేదు. మూడోసారి మేస్త్రి జేబులోంచి రసమట్టం తీశాడు. లోపల గాలిబుడగ కదిలే ఆ చిన్న సాధనాన్ని బల్ల మీద పెట్టి చూసి, "ముందు నీ బల్లే వాలుగా ఉందమ్మా" అన్నాడు. బల్లకోడు కింద ఒక రబ్బరు వాషరు తోసి, బల్ల సరిచేశాకే బొమ్మ చూడటానికి ఒప్పుకున్నాడు. పై అంతస్తు నుంచి వేలితో ఒక్కో గదీ దిగుతూ వచ్చాడు. నాలుగో అంతస్తులో అమ్మ పిల్లాడికి తల రుద్దుతోంది. రెండో అంతస్తులో ఎవరో టీ గ్లాసులు కడుగుతున్నారు. అడుగున, మురుగు తొట్టి పక్కన, పొట్టిగా దిట్టంగా ఒకాయన పానా పట్టుకుని పైకి చూస్తున్నాడు.

"వీడెవడు?" అన్నాడు మేస్త్రి.

"ఎవరో ప్లంబరు" అంది ఆవిడ.

"పానా అలా పట్టుకోరు" అన్నాడు. అది కూడా మార్చించాడు.

వానలు మొదలయ్యే వేళకి పుస్తకం అచ్చయి వచ్చింది. పార్సిల్లో ఐదు ప్రతులు, వాటితోపాటు కొత్తగా అచ్చువేసిన ఎలుగుబంటి. పదకొండో పేజీలో సింకు కింద చక్కటి వంపు. నీళ్ళ పుస్తకం చివరి పేజీలో చిన్న అక్షరాలతో "పైపులు సరిచూసినవారు" అని రాసి, పక్కన మేస్త్రి అసలు పేరు. అమ్మమ్మ ఆ పేరుని రెండుసార్లు పైకి చదివింది. "ఎవరో పెద్దమనిషిలా ఉన్నారు" అంది.

పొద్దున్నే ప్లంబర్లంతా చేరే పైపుల దుకాణంలో ఒక ప్రతి ఇచ్చాడు. దుకాణదారు మధ్య బొమ్మ ఉన్న రెండు పేజీలూ విడదీసి, అద్దం బిగించి గోడకి తగిలించేశాడు. పుస్తకాన్ని పాడుచేశాడని మేస్త్రి కేకలేశాడు గానీ, పని చేయించుకోవడానికొచ్చినవాళ్ళు ఆ బొమ్మ ముందు నిలబడి, "మా ఇంట్లో ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించడం మొదలయ్యాక ఇక నోరెత్తలేదు.

లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఒక ఆదివారం పిల్లల ముందు పుస్తకం చదవమని పిలిచింది. చదవడం తన వల్ల కాదని, చదువు బొమ్మలమ్మాయికి అప్పగించి, మేస్త్రి ఒక బకెట్టు, లోపల నీళ్ళు కనపడేలా పారదర్శకమైన గొట్టంతో చేసిన వంపు పట్టుకెళ్ళాడు. పదిహేనుమంది పిల్లలు. నీలం నీళ్ళు పోసి, ఆగేచోట ఆపి, పారేచోట పారించి చూపించాడు. పిల్లలు ఆయన మీద ఎక్కేశారు. అన్నీ తెలిసిన బుడంకాయ ముందు వరసలో కూర్చుని, ఆయన చెప్పేలోపే జవాబులు చెప్పి అందరి చేతా తిట్లు తింది.

చివర్లో కళ్ళజోడు పెట్టుకున్న పాప ఒకతె చెయ్యెత్తింది. "ఆ పెద్దవీధి పైపు తర్వాత నీళ్ళు ఎక్కడికెళ్తాయి?"

"ఊరి చివరికెళ్తాయమ్మా."

"అక్కడ?"

"అక్కడ శుభ్రం చేస్తారు."

"ఎలా?"

పుస్తకం పెద్దవీధి దగ్గరే ఆగిపోయింది. మేస్త్రి పని ఎప్పుడూ వీధి గొట్టంలో కలిపేదాకానే. ఆ తర్వాత సంగతి ఆయన ఒక్కసారీ ఆలోచించలేదు. వెనక వరసలో ఉన్న బొమ్మలమ్మాయి కేసి చూశాడు. ఆవిడా తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలీదు తల్లీ" అన్నాడు. "కనుక్కుని చెప్తాను."

పై వారం బుడంకాయతో కలిపి ముగ్గురూ రెండు బస్సులు మారి ఊరి చివర మురుగునీటిని శుద్ధి చేసే చోటుకి వెళ్ళారు. అక్కడ పనిచేసే పెద్దావిడ, ప్లాస్టిక్ బూట్లు వేసుకుని గేటు దగ్గరికొచ్చి, వీళ్ళని ఎగాదిగా చూసింది. "దేనికొచ్చారు? కంప్లయింటా?"

"కాదండీ. చూద్దామని."

"చూద్దామనా!" ఆవిడ మొహం విచ్చుకుంది. "ఇరవై రెండేళ్ళనించీ ఉన్నాను. చూడ్డానికని ఎవరూ రాలేదు. రండి, రండి. ముక్కు కాసేపే ఇబ్బంది పెడుతుంది, తర్వాత అదే ఊరుకుంటుంది."

ఊరి నీళ్ళన్నీ వచ్చి పడే చోటు దగ్గర ఇనుప జల్లెడలు చెత్తని పట్టి లాగుతున్నాయి. అవతల ఇసుక దిగే కాలవలు. ఆ తర్వాత, మేస్త్రి ఇల్లు నాలుగు పట్టేంత గుండ్రటి తొట్లు. మధ్యలో నుంచి పొడుగాటి ఇనుప చెయ్యి ఒకటి, గడియారం ముల్లులా, ఏ తొందరా లేకుండా తిరుగుతోంది. అంచుల మీంచి తేటనీరు పలచగా పొర్లి బయట కాలవలోకి పడుతోంది. మేస్త్రి కటకటాలు పట్టుకుని వంగాడు.

"అంచు చుట్టూతా ఒకే ఎత్తుండాలిగా? కాస్త ఒరిగినా ఒక పక్కనుంచే పోతాయి."

"అబ్బ, కనిపెట్టారే!" అంది ఆవిడ. "మొన్నటేడు ఒక పక్క వేలెడు కుంగింది. నెలరోజులు నిద్ర లేదు నాకు."

అంతే. ఆ ఇద్దరూ ముందు నడుస్తూ, ఆగుతూ, గోడలు తట్టి చూస్తూ, చిన్నప్పటి స్నేహితుల్లా మాటల్లో పడిపోయారు. బుడంకాయ కాలవలో బుడగలు లెక్కపెట్టి, అలిసిపోయి, బొమ్మలమ్మాయి ఒళ్ళో నిద్రపోయింది. ఎండ వాలింది. గేటు మూసే వేళయిందని కాపలాదారు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మూడోసారి వచ్చేసరికి మేస్త్రి దగ్గర ఇంకా నాలుగు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి.

"మళ్ళీ రండి" అంది పెద్దావిడ. "ఆ పిల్లలందర్నీ కూడా తీసుకురండి."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మేస్త్రి చెయ్యి చాపాడు. "ఏమ్మాయ్, ఒక కాగితం, పెన్సిలు ఇటియ్యి. మర్చిపోకముందే గీసెయ్యాలి."

ఆవిడ తను గీసుకునే పుస్తకం ఆయన మోకాళ్ళ మీద పెట్టి, ఒక చేత్తో బుడంకాయని, ఇంకో చేత్తో పుస్తకం అంచుని పట్టుకుంది. బస్సు కుదుపులకి గుండ్రటి తొట్టి కోడిగుడ్డులా వచ్చింది. మేస్త్రి విసుక్కుని, పేజీ తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి తొట్టి కంటే ముందు, బూట్లేసుకున్న మనిషిని వేశాడు.